పల్లవి తినే రేకు

మొదట పోయింది నా పల్లవి.

పొద్దున నూలు కండెలు చుట్టడం అయిపోయాక వంటింటి మూలన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి కొత్త పాట రికార్డు చేశాను. అది నూలుపోగు పాడుకునే పాట. మగ్గం మీదున్న పోగుకు తాను ఎక్కడికి పోతుందో తెలియదు కదా, అదే అడుగుతుంది:

ఎవరి చీరకు అంచునైతనో
ఏ ఇంటి కడప దాటుతనో

మూడు చరణాలు. ఒక్కో చరణం అయ్యాక మళ్ళీ పల్లవి. పాడటం అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఎత్తుకున్నప్పుడు పల్లవి గట్టిగానే ఉంది. మొదటి చరణం తరువాత ఎవరో పక్కింట్లో పాడుతున్నట్టు వచ్చింది. రెండో చరణం తరువాత ఊపిరి మాత్రమే ఉంది. ఆఖరున అదీ లేదు. చరణాలు మాత్రం తుడిచిన అద్దంలా ఉన్నాయి.

ఫోను చెడిపోయిందనుకుని నా కోడలు వనిత ఫోనులో మళ్ళీ పాడాను. అదే తీరు.

"పాడిన అనుకోని ఊకున్నవేమో అత్తమ్మా," అంది వనిత.

"నా పల్లవి నేను పాడక పక్కింటి మల్లవ్వ వచ్చి పాడుతదా?"

నాకు కోపం వచ్చింది. ఆ పొద్దు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెప్తాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచెలంటాం. మా ఇంటికి ముందు రెండు గదులు, వెనక నాలుగు సాంచెలు, నడుమ ఒక గోడ, అన్నిటి మీద ఒకే కప్పు. గల్లీలో అందరి ఇళ్ళూ ఇంతే. సాంచె నడుస్తుంటే పక్కనున్న మనిషికి మాట చెప్పాలంటే చెవికి నోరు ఆనించి అరవాలి. మా ఆయన, నేను అరుచుకునే కాపురం చేశాం. గుడికి పోయినా అలాగే మాట్లాడుకుంటుంటే, కొట్లాడుకుంటున్నామని జనం తిరిగి చూసేవాళ్ళు. నేను కట్టిన పాటలన్నిటికీ ఆ మోతే తాళం. ఆయన పోయాక వనిత నాకు పలక తెచ్చి అక్షరాలు పెట్టింది. రాసిన గీత మీదనే మళ్ళీ గీత, దాని మీద మళ్ళీ, వేళ్ళు నొప్పి పెట్టేదాకా దిద్దించింది. అంతకుముందు పాటలు కట్టడం వచ్చు. అవి పారిపోకుండా పట్టుకోవడం అప్పుడు వచ్చింది.

మా మరిది లక్ష్మీరాజం సాంచెలు నడిపీ నడిపీ చెవులు పోగొట్టుకున్నాడు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదనుకుని గల్లీ చివరిదాకా వినపడేలా మాట్లాడతాడు. ఆయన కొడుకు వేణుమాధవ్ నా చేతి ముద్దలు తిని పెరిగాడు. పెద్ద చదువు చదివి హైదరాబాదులో చప్పుళ్ళ మీద పరిశోధన చేసే సంస్థలో చేరాడు. మా నాయినకైనట్టు ఇంకెవరికీ కావద్దు పెద్దమ్మా అనేవాడు. అన్నట్టే మౌనరేకు తయారు చేశాడు.

అది అప్పడమంత మందం, తలుపంత వెడల్పు ఉంటుంది. దాని ఒళ్ళంతా సూదిమొన పట్టనంత సన్నటి చిల్లులు. కప్పు కింద వేలాడదీస్తే ఆ కప్పు కింద ఉన్న చప్పుళ్ళన్నీ అది వింటుంది. ఒకే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తే దానికి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి రెండింటినీ చల్లార్చేస్తుంది. మా షెడ్డులో కట్టిన రోజు పోగును మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతూనే ఉంది కాని చప్పుడు లేదు. సాంచె ఆగిందనుకుని నా కొడుకు భూషణం రెండుసార్లు చేయి పెట్టబోయాడు. గల్లీలో ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వేణు తలమీద చేయి పెట్టి దీవించాను.

అప్పటినుంచి ఇంట్లో అన్నిటికంటే సద్దు లేని చోటు సాంచెల షెడ్డే అయింది. అందుకని గల్లీలో తల్లులంతా తొట్టెలలు తెచ్చి సరిగ్గా రేకు కింద కట్టుకున్నారు. పిల్ల కదలకుండా పడుకుంటుంది, తల్లి పక్కనే కూర్చుని కండెలు చుట్టుకుంటుంది. అంతకంటే సుఖం ఏముంది? రేకు వచ్చిన నెలలోనే పుట్టిన నా మనుమరాలు చైత్ర ఆ తొట్టెలలోనే పెరిగింది.

మరి నా పాటలు అన్నాళ్ళూ ఎలా బాగున్నాయంటే, నేను రికార్డు చేసుకునేది కరెంటు పోయినప్పుడే. మోత కాలంలో పడిన అలవాటు. సాంచెలు ఆగితేనే కదా పాట ఫోనులో పడేది. రేకు వచ్చాకా ఆ అలవాటు పోలేదు. కరెంటు పోతే సాంచెలతోపాటు రేకూ పడుకుంటుందని నాకు తట్టలేదు. ఆ పొద్దు కరెంటు పోలేదు, కొత్త పాట నోట్లో ఆగలేదు, అందుకే రేకు దొంగతనం దొరికింది.

వేణు ఆ వారమే సంస్థ పని మీద ఊరికి వచ్చాడు. ఫోను వాడి చేతిలో పెట్టి పాట వినిపించాను.

"రేకు చెడిపోలేదు పెద్దమ్మా. మంచిగనే పనిచేస్తుంది," అన్నాడు.

"నా పాటను మింగుడు మంచిగ పనిచేసుడారా?"

"దానికి పాటని తెల్వది. మళ్ళ మళ్ళ వచ్చేది మోత, రానిది మాట. దానికి తెలిసింది గంతే."

"మళ్ళ రాకపోతే అది పల్లవెట్లయితది?"

వాడు నవ్వాడు. చిన్నప్పటి నవ్వే. "అందుకే మినహాయింపులు పెట్టినం. నువ్వు మా ల్యాబుకొచ్చి పాడు. నీ పాటను రేకులన్నిటికీ ఎరుక చేస్తం. ఇగ దాన్ని ముట్టుకోవు."

"నా ఇంట్ల నేను పాడుకునేందుకు నీ దగ్గర పర్మిషన్ తీసుకోవాలె."

"నువ్వు ప్రతిదీ అట్లనే తీస్తవు. మా వాళ్ళే నిన్ను పిలుద్దామనుకుంటున్నరు. బడులకు, దవాఖానలకు గూడ రేకులు కట్టబోతున్నరు. దానికి మన ఊర్లనే సభ. రేకు పుణ్యాన ఇంట్లనే పాటలు రికార్డు చేసుకుంటున్న మా పెద్దమ్మ పాడుతదని చెప్పిన."

కుర్చీలో కూర్చున్న లక్ష్మీరాజం మా నోళ్ళ వంక చూస్తూ, "ఏమంటున్నడు వదినె?" అని అరిచాడు.

"నా పాటను రేకు తింటున్నదట. తినకుంట చీటీ రాసిస్తడట," అని నేనూ అరిచాను.

"నాకైతే ఎన్నడో తిన్నది," అన్నాడు. "నేనేమన్న ఏడుస్తున్ననా?"

వేణు మళ్ళీ నవ్వాడు కాని వనిత నవ్వలేదు. చైత్రను చంకనేసుకుని గడపలో నిలబడి ఉంది. "వేణూ, హైదరాబాదుల మంచి చెవుల డాక్టరెవరన్న ఉన్నరా?" అని అడిగింది. "దీనికి రెండేండ్లు దాటింది. అమ్మా అని గూడ అంటలేదు."

వేణు నవ్వు ఆగింది. నేను చూశాను. పిల్ల మీద ప్రేమ అనుకున్నాను.

అందరం కలిసి హైదరాబాదు పోయాం. ముందు దవాఖాన. అక్కడ చైత్ర తలకు వైర్లు తగిలించి, గంటలు మోగించి, దీపాలు వెలిగించి చూశారు. డాక్టరు కాగితాలు తిప్పి, "చెవులు బంగారంలా ఉన్నాయమ్మా," అన్నాడు. తరువాత వనిత వైపు చూసి, "పిల్లతో మాట్లాడతారా? ఫోను చేతికిచ్చి కూర్చోబెడతారా?" అని అడిగాడు.

ఆటోలో వనిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పొద్దు లేస్తే దానితోని మాట్లాడుడే గద అత్తమ్మా నా పని. పేరు పెట్టి పిలిచి పిలిచి నోరు పోతుంది. అది తిరిగి చూడదు. నేనే దాన్ని చెడగొట్టిననట."

నేను పిల్లను నా ఒడిలోకి తీసుకున్నాను. పిల్ల బయట పోతున్న బస్సులను చూస్తోంది.

వేణు ల్యాబులో ఒక అద్దాల గది ఉంది. లోపల కప్పుకు రేకు, బయట బల్ల మీద పెట్టెలు, తెరలు. లోపల జరిగే చప్పుడు బయట స్పీకర్లో వస్తుంది. నన్ను లోపల నిలబెట్టి నూలుపోగు పాట పాడమన్నారు. పాడాను. మళ్ళీ పాడమన్నారు. తెర మీద నా గొంతు ఆకుపచ్చ గీతలా లేచేది, పల్లవి దగ్గరకు రాగానే చచ్చిన పాములా సాపుగా పడుకునేది. వేణు ఏవో మీటలు నొక్కాడు. మళ్ళీ పాడితే గీత పడుకోలేదు. "అయిపోయింది పెద్దమ్మా. ఇగ నీ పాటకు ఢోకా లేదు," అన్నాడు.

నేను బయటికి వచ్చాను. లోపల చల్లగా ఉందని వనిత పిల్లను తీసుకుని పోయి కూర్చుంది. గోడకు అతికించిన మెత్తటి ముక్కలను చైత్ర గిల్లుతోంది.

"చైత్రా, గట్ల గిల్లద్దు," అంది వనిత. స్పీకర్లో విన్నాను.

"చైత్రా, ఇటు రా బిడ్డా." పేరు కొంచెం సన్నగా వచ్చింది.

"చైత్రా" అని మళ్ళీ అంది. మళ్ళీ అంది. అద్దంలో వనిత పెదవులు కదులుతున్నాయి. స్పీకర్లో ఏమీ లేదు. తరువాత "నిన్నే" అన్నది వచ్చింది. "మొండిదానా" అన్నది వచ్చింది. పేరు మాత్రం రాలేదు. పిల్ల గోడ వైపు తిరిగి ముక్కలు గిల్లుతూనే ఉంది. బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి తలెత్తి కూడా చూడలేదు. వాళ్ళకది రోజూ ఉండేదే.

మన గొంతు మన ఎముకల్లోంచి మనకు వినపడుతుందట. అందుకే వనితకు తాను పిలిచినట్టే ఉంది. ఇంట్లో మా అందరికీ అంతే. పిలిచిన ప్రతిసారీ పిలిచామనే అనుకున్నాం.

"వేణూ, దాన్ని ఆపు," అన్నాను.

వాడు ఆపాడు. లోపల వనిత మళ్ళీ "చైత్రా" అంది. ఈసారి స్పీకర్ అదిరింది. పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. తల్లి ముఖం చూడలేదు. తలుపు కొట్టుకుంటే ఎటునుంచి వచ్చిందా అని చూసినట్టు గోడలు చూసింది, కప్పు చూసింది. అది పేరు విన్న పిల్ల చూపు కాదు. చప్పుడు విన్న పిల్ల చూపు.

నేను వేణు వైపు తిరిగాను. వాడు నేల చూస్తున్నాడు.

"నీకు ఎరుకేనారా?"

"అనుమానం వచ్చింది పెద్దమ్మా. వేరే ఊర్లకెల్లి ఫోన్లు వచ్చినయ్, పిల్లలకు మాటలు వస్తలేవని. రాసి పైకి పంపిన."

"పైకంటే ఎవరికి?"

"సంస్థకు. చూస్తమన్నరు."

"చూసిన్రా?"

"సభ అయినంక చూస్తమన్నరు."

"నీ అన్న ఇంట్ల తొట్టెల రేకు కింద ఉన్నదని నీకు తెల్వదా? మొన్న వచ్చినప్పుడు నీ చేతులతోని దాన్ని ఊపిపోయినవ్ గదరా."

"రూఢి కాకముందే చెప్తే మీరంతా భయపడుతరనుకున్న." గొంతు తగ్గించి, "ఇప్పుడు గూడ మించిపోలేదు. పిల్ల పేరు మినహాయింపుల పెడ్త. అమ్మ, నాయిన, బువ్వ, నీళ్ళు, ఇంకా ఏ మాటలు కావాల్నో చెప్పు, అన్నీ పెడ్త," అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్ళు మండింది. రూఢి కాలేదన్నందుకు కూడా అంత మండలేదు.

"పిల్ల ముందుగల ఏ మాట అంటదో నీకెట్ల తెలుస్తదిరా? నీ రేకుకెట్ల తెలుస్తది? పిల్ల కాకిని జూసి కాకి అంటదో, చెప్పు జూసి చెప్పు అంటదో. ఒక్కొక్క మాటకు నీ ఆఫీసుల అర్జీ పెట్టుకోని, మీరు సరేనంటే నా మనుమరాలికి నేర్పుకోవాల్నా?"

"పెద్దమ్మా, మెల్లగ. లోపటోళ్ళు వింటరు."

"విననియ్. అక్షరం దిద్దితేనే వస్తదిరా, మాట గూడ అంతే. తల్లి దిద్దిన కాడల్లా మీరు తుడుచుకుంట వచ్చిన్రు. మళ్ళ డాక్టరు వచ్చి, ఏందమ్మా నువ్వు దిద్దించలేదా అని దాన్ని అడుగుతున్నడు."

వనిత అద్దం అవతల నుంచి మమ్మల్ని చూస్తోంది. ఏం జరిగిందని చేత్తో అడిగింది. చెప్పడానికి నేను తలుపు తీసుకుని లోపలికి పోయాను.

ఊరికి తిరిగి వచ్చి ఆ పొద్దే రేకు తీసేద్దామన్నాను. భూషణం తీయనన్నాడు. వాడు మంచివాడే. వాడి కూతురే. కాని వాడు చెప్పింది కూడా వినాలి.

"తీసేస్తే మళ్ళ అదే మోత. చిన్నాయినను జూడు. ఇప్పటికే నా కుడి చెవుల ఈల మోగుతది. నేను గూడ గట్లయితే సాంచెలెవరు నడుపుతరు, దీన్నెవరు సాదుతరు?"

"మోత ఉన్నప్పుడు మీరంత మాట్లాడ నేర్వలేదా?"

"నేర్చినం. మా నాయిన చెవులు, చిన్నాయిన చెవులు పెట్టి నేర్చినం."

వాడన్నది నిజమే. మోత కాలంలో మేం అరిచేవాళ్ళం. అరిస్తే పిల్లలకు అందేది. అరిచే మాట నేర్పాం. ఆ మోతే పిల్లల తండ్రుల చెవులు తీసుకుపోయింది. ఒక తరం చెవులు కావాలా, ఒక తరం నాలుక కావాలా, ఏదో ఒకటి ఏరుకోండని మా ముందు పెట్టారు. పెట్టినవాళ్ళు ఇళ్ళల్లో సాంచెలు లేనివాళ్ళు. వాళ్ళ పిల్లలు పొద్దున లేచి మాట్లాడుతూనే ఉన్నారు. కొడుకు మీద కోపం అక్కడికి మళ్ళింది.

పైగా రేకులు కట్టినప్పుడు మాచేత సంతకాలు పెట్టించుకున్న ఒప్పందంలో రాసి ఉందట, సంస్థ చెప్పకుండా రేకు దించకూడదని. గల్లీలో ఇంటింటికీ తిరిగి తల్లులతో చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు "మావోడు వాళ్ళ తాత లెక్క, ఆలస్యంగనే మాట్లాడుతడు" అన్నారు. మల్లవ్వ అయితే, "నీ పాట పోయిందని కోపం తీర్చుకుంటున్నవా?" అంది. నోటితో చెప్తే పనికాదని అప్పుడర్థమైంది. నాకు చేతనైనది పాట కట్టడం ఒకటే.

ఈసారి కట్టిన పాటలో చరణమే లేదు. అంతా పల్లవే. కరెంటు పోయినప్పుడు రికార్డు చేశాను, రేకు కింద మళ్ళీ రికార్డు చేశాను. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. రెండోదాంట్లో నాకు కావలసిందే ఉంది, అంటే దాదాపు ఏమీ లేదు.

సభ ఊరి ఫంక్షన్ హాల్లో. వేదిక మీద రెండు సాంచెలు నడుస్తున్నాయి, వాటి మీద రేకు, చప్పుడు లేదు. ముందు వరసల్లో కుర్చీలు, కుర్చీల్లో సంస్థ పెద్దలు. వెనక మా గల్లీలు. వేణు ఒక పక్కన మీటల పెట్టె దగ్గర నిలబడ్డాడు. నన్ను పిలిచారు. నూలుపోగు పాట పాడాను. పల్లవి పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చింది, చెప్పిన మాట వినే కోడిపిల్లలా. చప్పట్లు కొట్టారు.

"ఇంకొకటున్నది," అన్నాను.

సంస్థ పెద్దాయన మైకు దగ్గరకు వంగి, "అది నమోదైన పాటేనా అమ్మా?" అని నవ్వుతూ అడిగాడు.

"మా మనుమరాలి పాట," అని చెప్పి ఎత్తుకున్నాను.

చైత్రా రావే చైత్రా
బువ్వ తిందువు చైత్రా
బాపమ్మను నేను చైత్రా

నా గొంతు నాకు వినపడుతూనే ఉంది. కాబట్టి నేను ముఖాలు చూస్తూ పాడాను. మూడో వరసలో ఉన్న ఒకామె తల పక్కకు వంచింది. మైకు చూసేవాడు వచ్చి వైరు కదిపాడు. నేను మళ్ళీ మొదటినుంచి పాడాను. ఈసారి నా నోరు తప్ప వాళ్ళకు ఏమీ అందలేదు, ముఖాల్లో తెలిసిపోయింది. గల్లీలో పిల్లల పేర్లు ఒక్కొక్కటే తీసుకున్నాను. సాన్విక. రుత్విక్. మల్లవ్వ మనుమడు ధనుష్. ఒక్కో పేరు పెట్టి పిలిచాను, మళ్ళీ పిలిచాను, అది పోయేదాకా పిలిచాను.

వెనక వరసలో వనిత లేచి నిలబడింది. పిల్ల నడిచే దారిలో కింద కూర్చుని పూలరేకులు ఏరుకుంటోంది. వనిత పిలిచింది. పక్కన ఇంకో తల్లి లేచి తన కొడుకును పిలిచింది. ఆమె పక్కన ఇంకొకామె. ధనుష్‌ను పిలుస్తూ మల్లవ్వ లేచింది. హాలు నిండా తల్లుల నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గొంతు నరాలు ఉబ్బి ఉన్నాయి. చప్పుడు లేదు. పిల్లలు ఒక్కరూ తిరిగి చూడలేదు.

సంస్థ పెద్దాయన ఆపమని నాకు చేత్తో సైగ చేశాడు.

అప్పుడు లక్ష్మీరాజం లేచాడు. పాపం ఆయనకేం తెలుసు. చుట్టూ చూశాడు. ఇంతమంది నోళ్ళు కదులుతున్నాయి. తనకు వినపడకపోవడం కొత్త కాదు. కాని ఒకరి మాట ఒకరికి అందక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎప్పటిలాగే గట్టిగా అడిగాడు. మొదటిసారి అన్న మాట కాబట్టి రేకు దాన్ని ముట్టలేదు. హాలంతా వినపడింది.

"ఏమైందిరా వేణు? అందరు నాలెక్కనే అయిన్రేంది?"

వేణు తండ్రి వైపు చూశాడు. చేయి మీట మీదకు పోయింది. రేకు ఆరిపోయింది.

సాంచెల మోత మీద పడింది. దాంతోపాటు తల్లుల కేకలు. ముందు వరసలో వాళ్ళు చెవులు మూసుకున్నారు. పిల్లలంతా ఒక్కసారి ఏడుపందుకున్నారు. నేను పాట ఆపలేదు. మోత మీద గొంతెత్తి, మా ఆయనతో కాపురం చేసిన గొంతుతో, పేరు పిలుస్తూనే ఉన్నాను.

మరుసటి రోజు సంస్థ పత్రికలకు ఒక ప్రకటన ఇచ్చింది. పిల్లలకు మాటలు ఆలస్యం కావడానికి ఇంటి వాతావరణమే కారణమై ఉండవచ్చునని, చదువు లేని కుటుంబాలలో ఇది మామూలేనని అందులో ఉంది. నేను దాన్ని కూడబలుక్కుని చదివాను. చదువు నేర్చుకున్నందుకు బాధపడింది ఆ ఒక్కరోజే.

వేణు ఉద్యోగం పోయింది. ఊరికి వచ్చి మా షెడ్డులో రేకు వాడే దించాడు. స్టూలు నేను పట్టుకున్నాను. వాడు ఇప్పుడు చెవిలో పెట్టుకునే చిన్న బిళ్ళ ఏదో తయారు చేస్తున్నాడు, సాంచె నడిపేవాడికి మాత్రమే మోత ఆగేలా. ఇదే మొదలు చేయొచ్చు కదా అని భూషణం అడిగితే, "మనిషికొకటి అంటే వాళ్ళు ఒప్పుకోలే. కప్పుకొకటి అంటే ఒప్పుకున్నరు," అన్నాడు. వినపడనట్టు నేను కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. భూషణం చెవుల్లో దూది పెట్టుకుని సాంచెలు నడుపుతున్నాడు. సాయంత్రానికి కుడి చెవి పట్టుకుని కూర్చుంటాడు.

పోయిన వారం సంస్థ మనుషులు నిచ్చెనలు తీసుకుని వచ్చారు, ఒప్పందం ప్రకారం రేకులు మళ్ళీ కడతామని. గల్లీ మొదట్లోనే ఆడవాళ్ళం అడ్డం నిలబడ్డాం. వనిత చైత్రను చంకనేసుకుని నా పక్కనే నిలబడింది. వద్దన్నాం. వాళ్ళు కాగితాలు చూపించారు. వద్దన్నాం. కొత్త రేకులు పిల్లల మాటలను ముట్టవన్నారు. వద్దన్నాం. మల్లవ్వ నిచ్చెన కాలు పట్టుకుని లాగింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా వాళ్ళు చెప్తూనే ఉన్నారు, మేం ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాం. పోలీసులతో వస్తామని చెప్పి పోయారు. వస్తారు కూడా.

ఇంటికి వచ్చి చైత్రకు అన్నం కలిపాను. ఆకలి మీద నాలుగు ముద్దలు తిన్నది. అయిదోది నోటి దగ్గర పెడితే చేత్తో నెట్టింది.

"వద్దు," అంది.

సాంచెల మోతలో తప్పు విన్నానేమో అనుకున్నాను. ముద్ద మళ్ళీ నోటి దగ్గర పెట్టాను.

"వద్దు." ముఖం చిట్లించి అంది. స్పష్టంగా, కోపంగా.

"వనితా," అని అరిచాను. వనిత కండెలు వదిలేసి ఉరికి వచ్చింది. నేను ముద్ద చూపించాను. పిల్ల నా చేతిని కొట్టి, ఇద్దరి ముఖాలూ చూసి మళ్ళీ అదే అంది. వనిత గడపలోనే కూలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను సంతోషపడ్డానని అందరూ అనుకుంటున్నారు. పడలేదు. ఒక్క పొద్దు చెవిన పడితే చాలు, సాయంత్రం కాకముందే ఆ పిల్ల మాట అందుకుంది. అంత తయారుగా ఉంది. రెండేళ్ళుగా అంత తయారుగానే ఉంది. కన్నతల్లి పొద్దంతా ఎదురుగా కూర్చుని పిలుస్తుంటే, ఆ పిలుపును నడుమనే మింగేసి, సద్దు లేని ఇల్లు ఇచ్చామని మాచేత దీవెనలు తీసుకున్నారు.

కలిపిన అన్నం ఇంకా ఉంది. ముద్ద చేసి మళ్ళీ పెట్టాను.

"వద్దు."

"ఇంకొక్కటి."

"వద్దు."

అన్నం చల్లారిపోయేదాకా అడుగుతూనే ఉన్నాను.